కాజాల దారం

జూన్ 4

బావమరిదీ,

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. మీ ఆవిడ ఎత్తి, స్నానం చేస్తున్నారండీ అంటుంది. మీ అక్క పోయిన దగ్గర్నుంచీ నువ్వు స్నానం చేస్తూనే ఉన్నావు. ఇంత శుభ్రమైన మనిషివని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను. ఉత్తరమైతే తలుపు సందులోంచి లోపల పడేస్తారు, నువ్వు తువ్వాలు కట్టుకుని వచ్చి తీసుకోవచ్చు. అందుకని రాస్తున్నాను.

పొట్లంలో ఉన్నది నా గడ్డం బ్రష్షు. మా పెళ్ళికి మీ నాన్న తన చేత్తో చేసి నా చేతిలో పెట్టినది. నీకు గుర్తుండకపోదు, ఆ రోజు నువ్వు మొహం మాడ్చుకుని పక్కనే నిలబడ్డావు. ముప్పై ఏళ్ళుగా అది ఒక్క వెంట్రుక రాల్చి ఎరగదు. మొన్నటి చలికాలం నుంచి రాలుస్తోంది. నురగతో పాటు వెంట్రుకలూ బుగ్గలకు అంటుకుంటున్నాయి. ఏది దానిదో ఏది నాదో తెలియక అద్దం ముందు ఏరుకుంటూ కూర్చుంటున్నాను. కుచ్చు మధ్యలో వేలు దూరేంత ఖాళీ వచ్చింది. నేనే కాస్త జిగురు వేసి చూశాను, లాభం లేకపోయింది.

నువ్వు కిందటేడు పంపిన బ్రష్షు సంగతి ఎత్తకపోవడమే మర్యాద. నెల తిరక్కుండానే దానికి గుండు గీయించినట్టయింది. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ మీ నాన్న బ్రష్షు చూపించి, మా మామగారి చేతి పని, చూసుకో అని చెప్పినవాణ్ణి నేను. నీది మాత్రం ఎవరికీ చూపించకుండా నీ పరువు కాపాడాను.

కొత్తది కొనుక్కోవచ్చుగా అంటావు. కొన్నాను. గిన్నెలు తోమే పీచుతో మొహం తోముకున్నట్టుంది. దాంతో గడ్డం గీసుకోవడమే మానేశాను. మానేసిన వారానికల్లా వీధి వీధంతా నా మీద జాలిపడటం మొదలుపెట్టింది. కోటు సరిచేయించుకోవడానికి వచ్చినవాడు నా మొహం చూసి, తొందరేం లేదు, మీ మనసు కుదుటపడ్డాకే కుట్టండి అని నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన పూల దుకాణం ఆవిడైతే రోజూ టీ పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుంటోంది. ఈ గడ్డంతో ఆవిడ ముందు నిలబడలేకపోతున్నాను.

మీ అక్క పద్ధతి నీకు తెలుసు. నేను గడ్డం గీసుకోనిదే దుకాణం తాళంచెవి చేతికిచ్చేది కాదు. కొలతలు తీసేవాడి మొహం అవతలి మనిషికి జానెడు దూరంలో ఉంటుంది, శుభ్రంగా ఉండాలి అనేది. బ్రష్షు తగిలించే మేకు ఇప్పటికీ అద్దానికి ఎడమపక్కనే ఉంది. పుర్రచేతి మనిషి కదా, ఇంట్లో మేకులన్నీ తనకు వీలుగానే కొట్టుకుంది. ఆ ఖాళీ మేకు చూస్తుంటే ఒళ్ళు మండుతోంది.

కుచ్చు ఒక్కటే మార్చు. పిడి జోలికి పోకు. నునుపు చెయ్యడాలూ పాలిష్ పెట్టడాలూ వద్దు. త్వరగా పంపు.

మీ అక్క మొగుడు


జూన్ 9

బావగారికి,

మీ పొట్లం అందింది. విప్పగానే వాసనను బట్టి తెలిసింది, మీరు వేసింది చెప్పులు అతికించే జిగురు. గడ్డం బ్రష్షుకి చెప్పుల జిగురు వేసిన మనిషిని నా జీవితంలో ఇప్పుడే చూశాను. కుచ్చు మొదలంతా గారకట్టి రాయిలా అయింది. ఇంత బాగా పాడుచెయ్యడం కూడా ఒక పనితనమే.

నేనిక్కడ ఖాళీగా లేను. సున్నం కుంచెల ఆర్డరు ఉంది. కార్ఖానాలో నేనూ, కళ్ళు సరిగా ఆనని ముసలాయనా తప్ప మూడో మనిషి లేడు. అయినా మీ బ్రష్షు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎందుకో మీకు అర్థం కాదు, అందుకని చెబుతున్నాను.

మా నాన్న జీవితమంతా వేలకు వేలు బ్రష్షులు చేశాడు. అన్నీ అమ్మడానికే. ఒక్కటి మాత్రం ఇష్టంగా చేశాడు, పిడిని లేత్ మీద మూడుసార్లు తిప్పి మరీ. పదహారేళ్ళవాణ్ణి, పక్కన నిలబడి చూస్తున్నాను. నాకే అనుకున్నాను. అప్పుడప్పుడే మీసాలు వస్తున్నాయి నాకు. తీసుకెళ్ళి మీ చేతిలో పెట్టాడు. మొహం మాడ్చుకోక ఏం చెయ్యాలి.

అంతటితో అయిపోలేదు. మా నాన్న పోయే ముందు సంవత్సరం మీరిద్దరూ మా ఇంటికొచ్చారు. నాన్న మీ సంచిలోంచి ఆ బ్రష్షు తీసి, నా అరచేతిలో దాన్ని నొక్కి, చూడరా, ఇలా కట్టడం ఎప్పుడు నేర్చుకుంటావు అన్నాడు. పనివాళ్ళందరి ముందూ అన్నాడు. అప్పటికే నేను కుచ్చులు కట్టడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఆ రోజు నుంచీ నేను కట్టిన ప్రతి కుచ్చునీ ఆ కుచ్చుతో పోల్చి చూసుకుంటూనే ఉన్నాను. మీరేమో ఊరంతటికీ చూపించుకుంటూ తిరిగారు.

కాబట్టి కుచ్చు మారుస్తాను. తిరిగి పంపాలా వద్దా అనేది తరవాత ఆలోచిస్తాను. అది మా నాన్న చేసింది. మీ ఇంట్లో ఇప్పుడు మా వాళ్ళెవరూ లేరు.

మా అక్కకి ఒంట్లో బాగోలేదని నాకు ఎప్పుడు చెప్పారు మీరు? ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాక. నేను బస్సు దిగేసరికి మాట పడిపోయింది. ఇప్పుడు గడ్డం గీసుకోవాలట, త్వరగా కావాలట, పూల దుకాణం ఆవిడ ముందు నిలబడలేకపోతున్నారట. మా అక్క పోయి ఇంకా ఏడాది కాలేదు బావగారూ. ఆ మాత్రం ఓపిక పట్టమని నా మనవి.

కార్ఖానావాడు


జూన్ 14

ఒరేయ్,

నువ్వు నన్ను తిట్టు, పడతాను. మీరు, గారు అన్నావు చూడు, అది పడను. పెళ్ళికి ముందు మీ పక్కింటివాణ్ణి, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నన్ను నువ్వు అన్నవాడివి. నా భుజాలెక్కి మా చెట్టు జామకాయలు కోసినవాడివి. బావగారికి అని రాశావు. ఆ రెండక్షరాలు తగిలించడానికి నీకు చెయ్యెలా వచ్చిందో నాకు తెలియాలి.

పూల దుకాణం ఆవిడ సంగతి విను. మా అమ్మ బతికుంటే ఆవిడ ఈడే. నోట్లో ఒక్క పన్ను లేదు. నా గడ్డం చూసి, అయ్యో నాయనా అని నా బుగ్గ నిమిరి వెళుతుంది. నా బుగ్గ నిమిరించుకోవడం నాకిష్టం లేక గడ్డం గీసుకుంటానన్నాను. దానికి నువ్వు నాకు రెండో పెళ్ళి చేసేశావు. సిగ్గులేదా నీకు? మీ ఆవిడకి కూడా ఈ మాట చెప్పి ఉంటావు. ఆవిడ ఇంకెవరికి చెప్పి ఉంటుందో ఆలోచిస్తే నాకు చిర్రెత్తుకొస్తోంది.

జబ్బు సంగతి నీకెందుకు చెప్పలేదు అంటావు. మీ అక్క చెప్పొద్దంది. తమ్ముడికి తెలిస్తే కార్ఖానా మూసుకుని వచ్చి కూర్చుంటాడు, ఇప్పుడే కాస్త నిలదొక్కుకున్నాడు, నేను చెప్పమన్నప్పుడు చెబుదురుగాని అంది. ఆ చెప్పమనడం ఎప్పటికీ రాలేదు. ఆవిడ మాట కాదని చెప్పి ఉండాల్సిందా? ముప్పై ఏళ్ళలో ఆవిడ మాట కాదని నేను ఏం చేశానో ఒక్కటి చూపించు. నీకు కోపముంటే ఆవిడ మీద పెట్టుకో. నేనూ అదే పనిలో ఉన్నాను.

నా బ్రష్షు ముట్టుకోకు. ఎలా ఉన్నదాన్ని అలా పొట్లం కట్టి పంపించెయ్. వెంట్రుకలు రాలితే రాలనీ, ఏరుకుంటాను. నేను పోయాక నువ్వే వచ్చి తీసుకుపో, నీ మీసాలకి రాసుకో. అంతదాకా అది నాది. పెళ్ళిలో నా చేతికిచ్చారు, నీ చేతికి కాదు.

నిన్న నీ ఉత్తరం చదివిన కోపంలో ఒకడి కోటు చెయ్యి రెండంగుళాలు పొట్టిగా కత్తిరించాను. ఇన్నేళ్ళ వృత్తిలో నాకు ఇలా జరగలేదు. పర్వాలేదండీ, మీ బాధ మాకు తెలుసు అన్నాడు వాడు. ఇదంతా నీ వల్లే.

బావ (గారు కాదు)


జూన్ 16

బావగారికి,

నా ఉత్తరానికి మీ జవాబు ఇంకా రాలేదు. రాకపోయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది దాచుకుంటే నాకు నిద్ర పట్టేలా లేదు.

పొద్దున మీ బ్రష్షు బిగించి కూర్చున్నాను. వెంట్రుకలు మొదలుదాకా కోసేశాను, పిడి గుంటలో మిగిలిన మొద్దుని బరమాతో తొలవడం మొదలుపెట్టాను. సగం తొలిచాక ఆపాను. ఎందుకు ఆపానో చెబుతాను. కుచ్చు మొదట్లో దారం కనబడింది. అది మా నాన్న దారం కాదు.

మా కార్ఖానాలో కుచ్చు కట్టేది మైనం పట్టించిన నార దారంతో. మా తాత కాలం నుంచీ అదే. ఇందులో ఉన్నది పట్టులాంటి సన్నటి దారం, మెరూన్ రంగుది. పైగా చుట్లు తిరగాల్సిన వైపు తిరగలేదు. మేం కుడివైపు చుడతాం. ఇది ఎడమకి చుట్టి ఉంది. ఎవడో పుర్రచేతివాడు కట్టాడు. గుంటలో గుగ్గిలం కూడా పొరలు పొరలుగా ఉంది. అంటే ఒకసారి కాదు, చాలాసార్లు తీసి మళ్ళీ పెట్టారు.

ఇప్పుడు చెప్పండి. ఎవడి చేత కట్టించారు? మీ ఊళ్ళో ఏ దుకాణంలో? ముప్పై ఏళ్ళు ఒక్క వెంట్రుక రాలలేదన్నారే, మామగారి చేతి పని అని ఊరంతా చూపించారే. ఎప్పుడో ఊడిపోయింది బావగారూ అది. మీరు గుట్టుచప్పుడు కాకుండా ఎవడి చేతనో కట్టించుకుని, నాన్న పేరు చెప్పుకుంటూ, నా పనిని వెక్కిరిస్తూ వచ్చారు. మీరు అబద్ధాలకోరు. మా నాన్న నా అరచేతిలో నొక్కి చూపించింది ఎవడిదో పరాయివాడి పని. దానితో నన్ను పోల్చి చూసుకుంటూ సగం జీవితం గడిపాను.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, కట్టినవాడు మంచి పనివాడు. ఎక్కడా చుట్టు మీద చుట్టు ఎక్కలేదు. వెంట్రుకల కొసలకి కత్తెర తగల్లేదు. కొసలు కత్తిరించిన కుచ్చు మొహాన్ని గీరుతుందని మా నాన్న చెప్పేవాడు, ఆ సంగతి వాడికెవరు చెప్పారో. వాడి పేరు రాయండి. వాడినే అడుగుతాను.

రేపు మిగతా సగం కూడా తొలిచేస్తాను.

కార్ఖానావాడు


జూన్ 20

బావమరిదీ,

బరమా పక్కన పెట్టు. ఈ ఉత్తరం పూర్తిగా చదవడం తరవాత, ముందు బరమా పక్కన పెట్టు.

నన్ను అబద్ధాలకోరు అన్నావు. చదవగానే నీ చొక్కా పట్టుకోవాలనిపించింది. బస్సు వేళలు కూడా కనుక్కున్నాను. తరవాత మళ్ళీ చదివాను, ఎడమకి చుట్టి ఉంది, ఎవడో పుర్రచేతివాడు అన్న దగ్గర ఆగిపోయాను. ఒరే, మన రెండిళ్ళలో పుర్రచెయ్యి ఎవరిదిరా?

మెరూన్ దారం ఏమిటో నేను చెబుతాను. అది కాజాల దారం. ఆరేడేళ్ళ కిందట బ్యాండు మేళం వాళ్ళకి కోట్లు కుట్టాను, కాజాలకి ఆ రంగు దారం ప్రత్యేకంగా తెప్పించాను. ఒక రీలు కనబడలేదు. ఆ రోజు నేను ఇల్లు పీకి పందిరేశాను. ఎలకలా ఎత్తుకుపోయేది ఎవరు, నేనేమన్నా దారాల వ్యాపారినా అని అరిచాను. మీ అక్క వంటగదిలోంచి, వెతుకుతానులెండి అంది. వెతికింది కూడా. మంచం కిందకి వంగి మరీ వెతికింది. నేను దీపం పట్టుకున్నాను.

నీ ఉత్తరం పక్కన పడేసి ఆవిడ గుండీల డబ్బా దించాను. ఆవిడ పోయాక నేను అది తెరవలేదు, పైన ఉన్న గుండీలు తీసుకోవడం తప్ప. అడుగున మెరూన్ రీలు ఉంది. గుగ్గిలం ముక్క ఉంది. చిన్న గిన్నె ఉంది, కుచ్చు తల గుండ్రంగా రావడానికి వెంట్రుకలు బోర్లించేది, మీ కార్ఖానాలో చూశాను అలాంటివి. గుడ్డలో చుట్టి రెండు కుచ్చులు ఉన్నాయి, కట్టి సిద్ధంగా.

మూడోది కూడా ఉంది. అది డబ్బాలో లేదు. ఆవిడ పోయిన కొత్తలో గుండీల కోసం వెతుకుతుంటే పైకి వచ్చింది, ఏదో పనికిరాని ముక్క అనుకుని దుకాణంలో పెట్టుకున్నాను. బట్ట మీద సుద్దగీతలు దులపడానికి బాగుందని ఇన్నాళ్ళూ దాంతో దులుపుతున్నాను.

నాకు ఇప్పుడు కోపం ఎవరి మీద రావాలో తెలియడం లేదు. అందుకని అందరి మీదా వస్తోంది. నేను బట్టల కోసం ఊరెళ్ళినప్పుడల్లా ఆవిడ ఈ పని చేసి ఉంటుంది. తిరిగొచ్చేసరికి బ్రష్షు మేకుకి వేలాడుతూ ఉండేది. నేను నురగ పట్టించుకుంటూ, ఆహా, మీ నాన్న చెయ్యి చెయ్యే, ఎన్నేళ్ళైనా కొత్తదానిలా ఉంది అనేవాణ్ణి. ఆవిడ వెనక నిలబడి, అవును అనేది. ఒక్కసారైనా, అది నాది అని నోరు తెరవకూడదా? నేను చెప్పేవాణ్ణి కాదా ఊరందరికీ? నీ దగ్గర జబ్బు దాచింది, నా దగ్గర ఇది దాచింది. ఎవరితో బతికాను నేను ఇన్నాళ్ళూ?

చివరి నెలల్లో పగలంతా వెనక గదిలో తలుపు వేసుకుని కూర్చునేది. ఏం చేస్తున్నావంటే గుండీలు రంగుల వారీగా వేరు చేస్తున్నానంది. ఆ ఒంటితో ఇప్పుడవి అవసరమా అని కసిరాను.

పిడి గుంటలో ఎంత మిగిలితే అంత అలాగే ఉంచు. తొలవకు.

బావ


జూన్ 25

బావా,

తొలిచేశాను.

నీ పద్నాలుగో తారీఖు ఉత్తరం ముందు వచ్చింది, ముట్టుకోకు, పంపించెయ్, నాది అని. అది చదివి కసిగా కూర్చుని మొత్తం తొలిచాను. పొడి ఊడ్చి బయట పోశాను. రెండో ఉత్తరం ఆ తరవాత వచ్చింది. వాకిట్లోకి పరిగెత్తి వెళ్ళాను. గాలికి ఏమీ మిగల్లేదు. బరమా మొనకి మాత్రం మెరూన్ దారం పోగు ఒకటి చుట్టుకుని ఉంది. అది నీకు పంపను. అడగకు.

మా అక్క కట్టు అది. నేను చేతిలో పట్టుకుని చూసి, ఎవడో మంచి పనివాడు అన్నాను. నాకు ఎందుకు తట్టలేదంటే, అక్క బల్ల దగ్గర కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న కూర్చోనిచ్చేవాడు కాదు. నాకు పని నేర్పుతున్నప్పుడు అక్క వెంట్రుకలు ఏరి కట్టలు కట్టి అందించేది, అంతే. పుర్రచేత్తో చుడితే బేరం పోతుంది అనేవాడు నాన్న. చూస్తూనే నేర్చుకుని ఉంటుంది. నాకు చేతులు పట్టుకుని నేర్పితే రానిది, దానికి తలుపు దగ్గర నిలబడితే వచ్చింది.

ఇంకోటి చెప్పనా, అది మా ఇంటికి వచ్చినప్పుడల్లా సీసాలు కడగడానికి కావాలిరా అని ఒక పిడికెడు వెంట్రుకలు ఏరుకుని పట్టుకెళ్ళేది. మేలురకంవే ఏరేది. సీసాలకి ఇంత మంచివి ఎందుకే అని నేను విసుక్కునేవాణ్ణి. నవ్వేది. అవి నీ మొహానికి పోయాయి. అంటే సరుకు ఇచ్చింది నేనే. నాకు అడగాలని కూడా తోచలేదు.

నాన్న నా అరచేతిలో నొక్కినప్పుడు అక్క గుమ్మంలోనే ఉంది. నాకు బాగా గుర్తుంది, టీ గ్లాసులు పట్టుకుని నిలబడింది. ఇలా కట్టడం ఎప్పుడు నేర్చుకుంటావు అని నాన్న నన్ను అడిగాడు. నాన్నకి తెలిసి అన్నాడో, తన పనే అనుకుని అన్నాడో. తెలిసి అని ఉంటే అక్క వైపు తిరిగి ఒక్క మాట చెప్పొచ్చుగా. తెలియకపోతే అంత పేరున్న పనివాడు తన కట్టు తాను గుర్తుపట్టలేడా? ఎటు చూసినా నాకు మండుతోంది. నువ్వేమో ఊరందరికీ మామగారు, మామగారు అని చెప్పి తిరిగావు. దాని ఎదురుగానే. మీరిద్దరూ కలిసి దాని పని తినేశారు.

సుద్ద దులిపావా దాంతో? ఒరే బావా, నీకు ఏ శిక్ష వెయ్యాలో కూడా తెలియడం లేదు.

మూడూ పంపు, డబ్బాలో ఉన్న గుగ్గిలం ముక్క కూడా. విడివిడిగా చుట్టు. సుద్దది గోరువెచ్చని నీళ్ళలో సబ్బుతో కడుగు, పిండకు, తల కిందకి వేలాడదీసి ఆరబెట్టు. ఏ జిగురూ వెయ్యకు. నీ చేతుల్ని వాటికి దూరంగా ఉంచు.

తమ్ముడు


జూన్ 30

బావమరిదీ,

నువ్వు చెప్పినట్టే కడిగాను. పుర్రచేతి మేకుకే వేలాడదీశాను, తల కిందకి. పూల దుకాణం ఆవిడ చూసి, ఎలకపిల్లా అని అడిగింది. కసురుకున్నాను. పాపం, టీ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

మూడూ, గుగ్గిలం ముక్కా పంపుతున్నాను. నా టేపు పెట్టి కొలిచాను. మూడింటి మొదళ్ళూ ఒకటే కొలత, నూలుపోగు తేడా లేదు. ఒంట్లో సత్తువ లేని మనిషి, నీళ్ళ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికే మనిషి, ఎలా కట్టిందో నాకు తెలియదు. దగ్గరుండి ఆ పని చూసే అదృష్టం నాకు లేకుండా చేసింది. అది క్షమించను.

ఒకటి నువ్వు ఉంచుకో. ఇష్టం వచ్చిన పిడి చేసుకుని పెట్టుకో. మీ నాన్న నీకివ్వలేదని ఇన్నేళ్ళు ఏడ్చావుగా, మీ అక్క ఇచ్చిందనుకో.

నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. నాకున్నది ఒక్క బ్రష్షు. ఒక్క మొహం. మూడు కుచ్చులు ఎందుకు కట్టింది? నువ్వు ఆ పనివాడివి, చెప్పు.

బావ


జూలై 6

బావా,

బ్రష్షు పంపుతున్నాను. పిడి ముట్టుకోలేదు. నీ బొటనవేలు ఆనే చోట అరిగిన పల్లం అలాగే ఉంది. లోపల పాత గుగ్గిలం తీసి, అక్క డబ్బాలో ఉన్న ముక్కే కరిగించి పోశాను, అందుకే నీ చేత తెప్పించుకున్నాను అది కూడా. కుచ్చు దించితే, నొక్కే పనిలేకుండా దానంతట అదే కూర్చుంది. పెట్టింది సుద్దదే. నువ్వు వాడినంత వాడావు కదా, ముందు అదే అరగనీ. గోరువెచ్చని నీళ్ళలో ఒక పూట నాననిచ్చి వాడు.

మూడెందుకు అని అడిగావు. దర్జీవాడివి, ఎదుటి మనిషికి ఎంత బట్ట పడుతుందో చూపుతోనే చెబుతావు, ఇది తెలియలేదా? మంచి కుచ్చు ఆరేడేళ్ళు వస్తుంది. బ్యాండువాళ్ళ కోట్లు ఎప్పుడు కుట్టావో నువ్వే రాశావు. ఇప్పుడు నీ వయసు వేసుకుని, మూడు కుచ్చులు కలుపుకో. అంతకాలం నువ్వు ఉంటావని లెక్క వేసింది. అంతకాలం రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని దుకాణం తెరవాలని కట్టింది. నువ్వేమో మొదటి ఏడాదే గడ్డం పెంచుకుని కూర్చున్నావు.

అందుకే నాకు ఒకటి వద్దు. నీ దానం నాకేం అక్కర్లేదు. అవి నీ మొహానికి కొలిచి కట్టింది, నా మొహానికి కాదు. ఏడుపు వచ్చింది నాకు, ఒప్పుకుంటాను, కానీ వద్దు.

అలాగని నీకు తిరిగి పంపను. నీ దగ్గర ఉంటే గోడలు దులుపుతావు. మిగతా రెండూ కార్ఖానాలో, నాన్న బల్ల మీద అద్దాల బీరువాలో ఉంటాయి. ఇది అరిగినప్పుడు బ్రష్షు పట్టుకుని నువ్వే రా. పోస్టులో వస్తే తిప్పి పంపుతాను. రెండోసారీ నువ్వే రావాలి. కర్ర పట్టుకుని అయినా సరే.

నీ మీద కోపం పోలేదు. జబ్బు సంగతి చెప్పకపోవడం నేను మరిచిపోను. ఫోను చెయ్యి, ఎత్తుతాను, ఎత్తి తిడతాను.

తమ్ముడు


జూలై 10

తమ్ముడూ,

గీసుకున్నాను. ఒక్క వెంట్రుక రాలలేదు.

షట్టరు ఎత్తగానే పూల దుకాణం ఆవిడ వచ్చి నా మొహం చూసి, అమ్మయ్య, కళ వచ్చింది నాయనా అంది. బుగ్గ నిమరబోయి, నా చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. కోటు చెయ్యి పొట్టి చేయించుకున్నవాడు కూడా వచ్చాడు. వాడికి కొత్త చెయ్యి వేసి ఉంచాను. కొలత సరిచూస్తుంటే, ఏం సబ్బు వాడతారండీ, మొహం ఇంత నున్నగా ఉంది అని అడిగాడు.

లోపలికి వెళ్ళి బ్రష్షు తెచ్చి చూపించాను. అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చింది, మా మామగారి చేతి పని అని. ఆపుకున్నాను. మా ఆవిడ చేతి పని అన్నాను.

అబ్బో, ఇంత బాగా చేసేవారా ఆవిడ అన్నాడు వాడు. చేస్తుంది అన్నాను. అలవాటుగా వెనక్కి తిరిగి వంటగది వైపు చూశాను, విన్నదా లేదా అని. అప్పుడు వచ్చింది చూడు కోపం, టేపు విసిరికొట్టాను.

అది ఆ మూల ఎక్కడో పడింది. వెతకాలి.

బావ